ఆఫ్ చేశాక

డిసెంబరు. మా ఈసఫ్యోర్దుర్‌లో
సూర్యుడు కొండ దాటి రాడు, జనవరి నెలాఖరు దాకా.
చేపల ఫ్యాక్టరీ ఇచ్చిన బోనసంతా పోసి
ఆంప్లిఫయర్ కొన్నాను, మూడు పెడల్స్‌తో సహా.
అట్టపెట్టె వాసనైనా వదల్లేదు,
స్విచ్ వేయగానే గుయ్యిమంది.
గిటార్ ఇంకా స్టాండు మీదే ఉంది.
నేనేమీ వాయించలేదు.

కొట్టువాడికి ఫోన్ చేస్తే
"కొత్తది కదా, కొన్నాళ్లు అలవాటు పడనీ" అన్నాడు,
అదేదో కరిచే చెప్పులైనట్టు.

కింది అంతస్తులో బొగుమీవ్ ఉంటాడు,
గ్దీనియా నుంచి వచ్చిన ఓడల ఎలక్ట్రీషియను.
మేజోళ్లతోనే మెట్లెక్కి వచ్చాడు, పళ్ల మధ్య టెస్టరుతో.
తిట్టడానికనుకున్నా.
తల వాల్చి చాలాసేపు విన్నాడు,
వీపు మీద చెవి ఆన్చిన డాక్టరులా.
"ఇది ఒక్కడి పని కాదు, హల్‌బేరా.
లోపల నలుగురున్నారు."

అన్నీ పీకేశాడు. ఆంప్ ఒక్కటే, ఉత్తగా.
నిశ్శబ్దం. దాదాపు.
"ఇది నిర్దోషి. దీన్ని తిట్టడం మానెయ్."

పెడల్స్ ఒక్కొక్కటే తిరిగి తగిలించాడు.
మూడింటికీ ఒకటే అడాప్టరు,
ఒకే కంచంలో ముగ్గురు తింటూ తన్నుకుంటున్నట్టు.
ఆ కీచు అక్కడిది.
ఒకదానికి బ్యాటరీ వేసి పక్కన కూర్చోబెడితే ఏడుపు ఆగింది.
తొక్కినప్పుడల్లా చిటపటలాడే పొట్టి కేబుల్‌ని
చేపను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి
చెత్తబుట్టలో వేశాడు.

డిస్టార్షన్ నొక్కితే ఎవరిదో మగగొంతు,
సముద్రం మీద గాలి వేగం చదువుతోంది.
నలుగురిలో లేని ఐదోవాడు.
ఇద్దరం కదలకుండా ఆఖరు దాకా విన్నాం.
రేపు పడవలు కదలవట.

వంటింటి ట్యూబ్‌లైట్ ఆర్పాడు, సగం రొద పోయింది.
చీకట్లో కూర్చున్నాం, పట్టపగలు మూడింటికి.

ఇంకా కాస్త మిగిలింది.
ప్లగ్గు పక్కనుండే ఎర్త్ పట్టీకి టేపు చుడితే
ఇది కూడా పోతుందట, ఫ్యాక్టరీలో ఒకడు చెప్పాడన్నాను.
బొగుమీవ్‌కి కోపం రావడం అప్పుడే చూశాను.
"పోతుంది. సద్దూ పోతుంది, నువ్వూ పోతావు."

గిటార్ నా ఒళ్లో పెట్టి, కుర్చీతో సహా నన్ను తిప్పాడు,
మేడ మీద యాంటెన్నా తిప్పినట్టు.
ఫ్రిజ్ వైపు గుయ్యి. కిటికీ వైపు సగానికి సగం.
తీగల మీద అరచెయ్యి ఆన్చగానే
ఠక్కున ఆగింది.
"తియ్యి." గుయ్యి.
"పెట్టు." లేదు.
పదిసార్లు ఆడాం చిన్నపిల్లల్లా.
పదిహేనేళ్లు చేపలు కోసే యంత్రం ముందు నిలబడ్డదాన్ని.
నేను చెయ్యి వేస్తే నోరు మూసుకున్న యంత్రం
ఇదే మొదలు.

అన్నీ ఆపేశాడు. ప్లగ్గు కూడా లాగేశాడు.
కాఫీ పోశాను.
"సన్నగా ఇంకొకటుంది," అన్నాను, "ఈల లాంటిది."
అతను వైరు కొస పైకెత్తి చూపించాడు.
ఉత్త గాలిలో వేలాడుతోంది.
నేను వింటూనే ఉన్నాను.

కప్పు కింద పెట్టాడు.
"ఎడమ చెవిలోనా?"
"రెండింట్లో."
"నాకు ఎడమలోనే. ఇంజను గది, పన్నెండేళ్లు."

అతని పెట్టెలో అన్ని సైజుల స్క్రూడ్రైవర్లూ ఉన్నాయి.
మూత వేసేశాడు.

వైర్లేమీ లేకుండానే గిటార్ తీసుకుని వెతికాను.
నాది చివరి మెట్టుకి కూడా అందదు, ఎక్కడో పైన ఉంది,
దాని దూరపు చుట్టం ఒకటి దొరికింది సన్నతీగ మీద.
అతను తనది ఈల వేసి చూపించాడు, సిగ్గుపడుతూ.
నాదానికి కాస్త కింద.
రెండూ కలిపి మీటాను.

అంత బాగా లేదు.

"ఇంకోసారి," అన్నాడు బొగుమీవ్.