గాలి గొట్టం

కగ్గదాసపురలో మూడో అంతస్తు పైన మిద్దె.
కావేరి నీళ్లు రాని మంగళవారం
సింటెక్స్ అడుగంటింది.
కింది కొళాయిలు గుంజేకొద్దీ
సోలార్ ట్యాంకు కూడా ఒట్టిపోయి
నడుం దగ్గర లోపలికి పీక్కుపోయింది,
పస్తున్న పిల్లాడి కడుపులా.
డబ్బుమని ఒకటే చప్పుడు.
రెండో అంతస్తులో తిరగమోత మధ్యలో ఆగింది.

ఓబులేసు వచ్చాడు. హిందూపురం మనిషి.
చెవి మీద పెన్సిలు, సంచిలో రంపం బ్లేడు.
ట్యాంకుని కాదు, ముందు
దాని నెత్తిన నిలబడ్డ గొట్టాన్ని చూశాడు.
కొనకి బిరడా,
బిరడా చుట్టూ ఎంసీల్,
ఎంసీల్ మీద నా వేలిముద్ర.

"ఎవురక్కా మూసింది?"

తీగ మీది చీరలకి మరకలని
పోయిన నెల నేనే స్టూలెక్కాను.
వేలెడు నోరు,
మూస్తే ఏమవుతుందిలే అనుకున్నాను.

"నీళ్లు కాగితే ఉబ్బుతాయి గదా, యాడికి పోవాల?
ట్యాంకు ఖాళీ అయితే గాలి యాడనించి రావాల?
రెండిటికీ ఇదే దోవ.
దీనికి వాల్వు పెట్టరు. టాపు పెట్టరు.
ఎవురూ పెట్టరు."

"కారుతోందిగా మరి?"

"కారదా! సింటెక్స్‌లో నీళ్లు ఈడిదాకా నిలబడతాయి,"
అరచేత్తో గాల్లో గీత గీశాడు,
"దీని కొన జానెడు కిందుంది.
పొట్టిగా నిలబెట్టినోడిది తప్పు.
మూసేది కాదక్కా, పెంచేది."

టెఫ్లాన్ టేపు పళ్లతో తెంపి
రెండడుగుల ముక్క అతికించాడు.
పావురాల ఈకలు పడకుండా
కొనని కొంగమెడలా కిందికి వంచాడు.
నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.
ఆదివారం మా పెద్దదానితో అన్న మాట
ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది.
రెండే పదాలు.
అప్పట్నించీ అది కంచంలోంచి తలెత్తదు.

"ఈ చొట్ట?" అనడిగాను.
"అది అట్లే ఉంటాదిలే," అన్నాడు
నూనె చేతులు గోనెపట్టాకి తుడుచుకుంటూ,
"నీళ్లు మాత్రం కాగతాయి."

ఆరువందలిచ్చి పంపాను.

రాత్రి దాని గది తలుపు తట్టాను.
అనుకున్నవేవీ నోటికి రాలేదు.
"రేపు వేణ్ణీళ్లొస్తాయే," అన్నాను.
లోపల కుర్చీ కిర్రుమని జరిగింది.