పదికి ఎంత?

ఎగ్మూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక నోటుబుక్కు రాయమంది.
తేదీ, మొదలైన టైము, ఏ పక్క,
ముందు ఏం తిన్నావు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు.
చివరి గడిలో, నొప్పి పదికి ఎంత?

మా ఇంట్లో దీన్ని ఒరతలనొప్పి అంటారు.
బళ్ళో తమిళం మిస్సు ఒత్తత్తలైవలి అంటుంది.
ఒక భాషలో తల ఓ పక్కకి పోయింది,
ఇంకో భాషలో ఒంటరిదయింది.
ఒర అంటే కత్తిని దాచే తొడుగు కూడానని తాతయ్య చెప్పాడు.
కత్తి ఎక్కడుందో నన్నడగండి.
ఎడమ కన్ను వెనక.

మొన్న బుధవారం మూడో పీరియడ్లో
బోర్డు మీద ఒక సున్నా కరిగిపోయింది.
తర్వాత దాని పక్కనున్న ఏడు.
తర్వాత లెక్కల సారు ఎడమ చెవి, సగం మీసం.
ఆ ఖాళీ చుట్టూ
అమ్మ కంచి చీర రంపపు అంచు
మెరుస్తూ నడిచొచ్చింది.
ఇక ఇరవై నిమిషాలు.
ఈ ఒక్క లెక్కలో నాకెప్పుడూ నూటికి నూరే.

సిక్ రూములో ఆయా కళైయరసి అక్క
అడక్కుండానే ట్యూబులైటు ఆర్పింది.
కిటికీకి తన తువ్వాలు కట్టింది.
బయట పీటీ విజిలు.
బకెట్టు.

"పరీక్షలప్పుడే వస్తుందేం నీకు?"
యాళిని నవ్వుతూనే అడిగింది.
నేనూ నవ్వాను.
అది రాయడానికి నోటుబుక్కులో గడి లేదు.

నాన్న రోజంతా ఐసీఎఫ్‌లో
రైలు పెట్టెల ఇనుము మీద గ్రైండరు ఆడించి వస్తాడు.
ఇంటికొచ్చి
తాళాల గుత్తిని గుప్పిట్లో నొక్కిపట్టి తలుపు తీస్తాడు,
చెంచాని పళ్ళెంలో పడుకోబెడతాడు.
పోపు వాసన నాకు పడదని
అమ్మ ఆరు నెలలుగా పోపు లేని పప్పే తింటోంది,
నేను బాగున్న రోజుల్లో కూడా.
పెట్టుకోమ్మా అంటే
"నాకిదే బాగుంది" అంటుంది.
అమ్మకి అబద్ధమాడటం రాదు.

అసలు రాయాల్సింది బాగున్న రోజుల గురించే.
ఆదివారం యాళిని వాళ్ళు బెసంట్ నగర్ బీచికి పిలిచారు.
నీళ్ళ మీద ఎండ తళతళమంటుంది,
బజ్జీల నూనె వాసన,
తిరిగొచ్చే బస్సు హారను.
ఒంట్లో బాలేదన్నాను.
ఆ రోజు నొప్పి రాలేదు.
కర్టెన్లు వేసుకుని
సాయంత్రం దాకా దాని కోసం కాపలా కాశాను.
ఫోన్లో వాళ్ళ ఫోటోలు, తడి పాదాలు, ఐదు జతలు.
రాత్రి నోటుబుక్కు తీశాను.
పదికి ఎంత?
సున్నా.
ఆ సున్నా మీదే ఏడ్చాను. ఇంకు పాకింది.

ఈసారి డాక్టరమ్మ
ఎనిమిదులూ తొమ్మిదులూ గబగబా తిప్పేసి
పాకిన సున్నా దగ్గర ఆగింది.
"ఈ రోజు ఏమైంది వకుళా?"
బయట నలభై మూడో టోకెను పిలుస్తున్నారు.
అమ్మ నా వైపు చూసింది,
ఆ ఆదివారం సంగతి తనకీ తెలీదు.
చెప్పాను.
సగం తెలుగులో, సగం తమిళంలో, అన్నీ తప్పులే.
ఆవిడ స్కేలు తీసుకుని
పేజీ చివర ఇంకో గడి గీసింది.
పైన పేరు రాయలేదు.
"ఇందులో ఏం రాయాలి?"
"నీ ఇష్టం."

మాత్రలు మారాయి. తగ్గుతుందో లేదో నాకు తెలీదు.
పెరంబూరు బస్సు కుదుపుల్లో
వంకర అక్షరాలతో రాశాను,
కిటికీ పక్కన కూర్చున్నాను.
ఎండ వైపు.