ముంపు

అట్లాంటాకి గంటన్నర దూరంలో
ఆదివారాలు మేం పడవ అద్దెకు తీసుకునే సరస్సు కింద
ఒక ఊరుందని
నాకు చెప్పింది నలభై పేజీల పుస్తకం.

లైబ్రరీలో, పాత టెలిఫోన్ డైరెక్టరీల వెనక.
స్పైరల్ బైండింగు. అట్ట మీద కాఫీ మరక.
రాసిన మనిషి ఒడెస్సా టోల్బర్ట్.
ఆమె వాదించదు, లెక్క చెబుతుంది:
లూథర్ పెరట్లో పదకొండు పీచ్ చెట్లు,
బడికి రెండు కిటికీలు, ఒకదానికే అద్దం,
కంచరగాడిద పేరు డీకన్,
ఓ రాత్రి తుపాకులతో వచ్చినవాళ్ల ఇంటిపేర్లు.
ఇప్పుడవి వీధుల పేర్లు. నేనుండేది వాటిలో ఒకదాంట్లో.
ఆనకట్ట ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు.
"నీళ్లొచ్చేసరికి మునగడానికి మేం లేం."

ఆ వాక్యం మీద వేలు పెట్టి ఉండిపోయాను.

మా ఊరు కృష్ణ కింద ఉంది.
పరిహారం కాగితంలో దాని పేరుకి ఒక దీర్ఘం తగ్గింది;
ఆ దీర్ఘం సర్కారు ఇప్పటికీ బాకీ.
పుస్తకం లేదు.
ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గితే బయటపడే రోళ్లున్నాయి,
వాటిని చదవడం వచ్చినవాళ్లు
ఏడాదికేడాది తక్కువ.

ఇవాళ పడవ తీసుకోలేదు.
పుస్తకంలోని చేతిగీత మ్యాపుని నీళ్లవైపు తిప్పి పట్టుకుంటే
లైఫ్ జాకెట్లో ఓ పిల్లాడు, ఏం వెతుకుతున్నావన్నాడు.
బడి, అన్నాను.
వాడూ వంగి చూశాడు.

రాత్రి కర్నూలుకి ఫోన్.
పిన్నీ, ఊళ్లోకి రాగానే మొదటి ఇల్లు ఎవరిది?
అటువైపు ఫ్యాను చప్పుడు. చాలాసేపు.
కుమ్మరి మద్దిలేటిది, అంది. గడప ఉత్తరానికి.
రాసుకుంటున్నావా, ఊరికే అడుగుతున్నావా?

ఆగు పిన్నీ, పెన్ను తెచ్చుకోనీ.