మక్వాలా ఎడమ బూటు

తిబిలీసిలో ఒక నేలమాళిగ స్టూడియో.
నాకు జీతం అడుగుల చప్పుడుకి.
తెరమీద ఎవరు నడిచినా
చీకట్లో ఆ కాళ్ళు నావే.

ఈసారి నడవాల్సింది మక్వాలా.
ఊరంతా చదివిన నవలలోంచి
కొండ దిగి వస్తుంది, మంచులో, ఒక్కత్తీ.
పుస్తకంలో ఆ దిగడం పదకొండు పేజీలు.
సినిమాలో తొమ్మిది సెకన్లు.

మంచుకి నా దగ్గర మంచు లేదు,
తోలుసంచీలో బంగాళాదుంప పిండి ఉంది.
తొక్కితే కిర్రుమంటుంది, అందరూ నమ్ముతారు.
కానీ ఆయన రాసిపెట్టి పోయింది ఇదీ:
"అప్పటికే వెళ్ళిపోయినదానిలా వచ్చింది."
చెప్పండి, దీన్ని ఏ చెప్పులతో నడవాలి?

బూట్లతో నడిచాను. సిపాయిలా ఉందన్నాడు బద్రి.
ఉన్ని జోళ్ళతో నడిచాను. పిల్లిలా ఉందన్నాడు.
వట్టికాళ్ళతో నడిచాను.
ఏమీ అనకుండా సిగరెట్టుకి బయటికెళ్ళాడు.
లెక్కలు రాసే లామరా టీ తెచ్చి, తలుపులోంచే,
"మెల్లగా తల్లీ, అప్పుడు మక్వాలా కడుపుతో ఉంది" అంది.
"కడుపు పోయాక కదా దిగింది" అన్నాడు వెనకనుంచి డ్రైవరు.
ఇద్దరికీ నవల కంఠతా వచ్చు.
ఇద్దరూ చదివింది ఒకే అచ్చు.

మా ఇంటి ప్రతిలో ఒక కాగితం తక్కువ.
కరెంటు లేని ఆ చలికాలాల్లో
అమ్మ మొదట పెట్టెలు కాల్చింది, తర్వాత కుర్చీ కాళ్ళు,
ఆ తర్వాత నాన్న ఇంజనీరింగు పుస్తకాలు.
దీన్ని మాత్రం ముట్టలేదు,
ఒక్క రాత్రి తప్ప.
తమ్ముడికి జ్వరం, కట్టెలు తడి, పొయ్యి రాజుకోదు.
చేతికందిన కాగితం చింపిందట.
అగ్గిపుల్ల గీసేముందు గబగబా చదువుకుందట.

చదివి వినిపిస్తూ ఆ చోటికి రాగానే
వేలు అడ్డం పెట్టి పుస్తకం మూసి
కిరోసిన్ దీపం పక్కన నోటితో చెప్పేది:
మక్వాలా ఎడమ బూటులో గులకరాయి పడింది.
తీసి పారేయడానికి ఆగలేదు.
ఆగితే వెనక్కి చూస్తుంది.
లోయదాకా ఆ రాయి మీదే నడిచింది.

నిన్న రాత్రి కొత్త ప్రతి కొన్నాను.
రెండువందల పదకొండు, పన్నెండు.
ఒక గద్ద ఉంది.
గాలి ఎటు వీచిందో ఉంది.
గొర్రెల ధర మీద పెద్ద పేరా ఉంది.
రాయి లేదు.
ముందూ వెనకా వెతికాను, ఎక్కడా లేదు.
గోడమీద అమ్మ ఫొటో వైపు చూశాను.
అగ్గిపెట్టె మొహమే ఎరగనట్టు ఉంది.

పొద్దున్నే స్టూడియో మెట్ల దగ్గర ఒక రాయి ఏరి
ఎడమ బూటులో వేసుకున్నాను.
పిండి మీద తొమ్మిది సెకన్లు.
కుడికాలు కిర్రు.
ఎడమకాలు కిర్రు, దాని అడుగున ఇంకేదో,
అన్నంలో పంటికిందికొచ్చినట్టు.

బద్రి హెడ్‌ఫోన్లు తీశాడు.
కళ్ళు తుడుచుకున్నాడు, నిద్రలేక కావచ్చు.
"ఇదే. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే" అన్నాడు.

విడుదలయ్యాక ఎవరో ఒకరు లేస్తారు:
నవలని పాడుచేశారు, మక్వాలా ఎక్కడా కుంటలేదు, అని.
పేజీ నంబరుతో సహా చూపిస్తారు.
వాళ్ళ మాట నిజమే.

మడమ దగ్గర చర్మం లేచింది.
బూటు ఇంకా విప్పలేదు.
తర్వాతి సీనులో ఆమె మెట్లెక్కాలి.