మెట్టతామర

మేళా ఇంకా పదమూడు రోజులుందనగా
ఎడమ కంటి కింద, పుట్టు కాటుక గీత ఆగే చోట,
రూపాయి బిళ్ళంత మచ్చ.
ఎండిన పేడనుకున్నా ముందు.
గోటితో గీరితే బూడిద పొక్కు ఊడొచ్చింది
వెంట్రుకలతో సహా.

"తామర" అంది డాక్టరమ్మ షంషాద్,
స్కూటీ దిగకుండానే.

ఏం భాషో మనది.
గుండ్లకమ్మ మడుగులో పూసేదీ ఆ మాటే,
నా గిత్త మొహాన పూసిందీ ఆ మాటే.

వీడికి నేను చేసిందేం తక్కువ?
ఉలవలు ఉడకబెట్టి, పత్తిగింజలు రుబ్బించి,
గంగడోలు మడతల్లో చెమ్మ నిలవకుండా
పెళ్ళినాటి పంచె చించి తుడిచాను.
నా మోకాళ్ళకి పట్టించని ఆముదం
వీడి కొమ్ములకి పట్టించాను.
ఎండకి తెలుపు మాసిపోద్దని
పాత పొగాకు బేరన్‌లో కట్టేశాను,
సందుల్లేకుండా గోతాలు కొట్టి.

ఆమె ఆ చీకట్లోకి తలపెట్టింది.
గోడ తడిమి, తడి వేళ్ళు నాకు చూపించింది.
"మాలకొండయ్య గారూ, దీనికి సగం మందు ఎండే.
మీరు దాన్నే బయట నిలబెట్టారు."

మిగతా సగం సీసాలో ఉంది.
పొక్కులు గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి గీకాలి,
ఆరాక అయోడిన్ పూయాలి,
మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ మేర.
సున్నం కొట్టిన గోడలాంటి ఒంటి మీద
ఇటుక రంగు.

కొండపి నుంచి బావమరిది పిచ్చయ్య వచ్చాడు.
"మేళా ముందర రంగేందయ్యా? పౌడరు అద్దు.
జడ్జీలు మూపురం చూస్తారు, నడక చూస్తారు,
కంటి కింద ఎవడు చూస్తాడు?"
నిజం చెప్పొద్దూ, డబ్బా కొన్నాను. గులాబీ వాసనది.
మూత తీశాను కూడా.

అప్పుడు ఏసురత్నం చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
మోచేతి మడతలో మూడు వలయాలు,
ఒకదాన్నొకటి కరుచుకుని, ఎర్రటి అంచులతో.
రోజూ గిత్త మెడ చుట్టూ వేసే చెయ్యి అది.
"ఎప్పట్నించిరా?"
"వినాయక చవితి ముందు నుంచి."
"చెప్పవేం?"
"చెప్తే దీని దగ్గరికి రానివ్వరని."

నెలన్నర.
పూటకోసారి గిత్త ఒళ్ళు అంగుళం అంగుళం వెతికేవాణ్ణి,
తాడు పట్టుకున్న చెయ్యి చూళ్ళేదు.
ఎవరి నుంచి ఎవరికొచ్చిందో
డాక్టరమ్మ చెప్పలేదు. నేనడగలేదు.

పౌడరు డబ్బా మా ఆవిడకిచ్చాను.
ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి కదా,
అనుమానంగా చూసింది.

వాళ్ళమ్మ కరుణమ్మ చేలగట్టున పడి
మెట్టతామర కొమ్మలు నరుక్కొచ్చింది,
పసుప్పచ్చ కంకులింకా వాడకముందే
ఆకు నిమ్మరసంతో నూరింది.
మళ్ళీ అదే మాట, చూడండి.
డాక్టరమ్మ ముద్ద వాసన చూసి
"రాయండి, ఇద్దరికీ రాయండి,
నా సీసా మాత్రం మానొద్దు" అంది.

పలుపుతాడు తగలబెట్టాం.
గోతాలు పీకేస్తే
బేరన్‌లోకి ఎండ దొంగలా కాదు, అల్లుడిలా వచ్చి కూర్చుంది.

మేళా రోజు మద్దిపాడు హైవే మీద
లారీల్లో గంటలు మోగుతూ పోయాయి.
మావాడు కళ్ళంలో ఎండకి నిలబడి
చెవులు రిక్కించాడు, ఒళ్ళంతా ఇటుక చుక్కలతో.
పక్కన ఏసురత్నం, బనీనుతో, చెయ్యి ఎండకి చాపి.
నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.
పడదా మరి.

కంటి కింద తడిమి చూశా.
కొత్త వెంట్రుక వేలికి తగుల్తోంది,
చూపుకింకా అందలా.

తెల్లారుజామునే రాఘవులు వచ్చాడు,
వాడి కోడె ఆసరికే లారీ ఎక్కింది.
"మామా, నీ బ్రష్షు ఓసారియ్యి,
ఎట్టాగూ నువ్వు రావట్లేదుగా."
ఇవ్వనన్నాను.
ఎందుకో కూడా చెప్పాను. నమ్మలేదు.
ఏడుపుగొట్టు ముసలాడనుకునే పోయుంటాడు.

బ్రష్షు బ్లీచింగు నీళ్ళలో ఉంది,
బకెట్టు అడుగున.