అరగంట కోత

ఆటోనగర్‌లో లేత్ మిషన్ల షెడ్ల వెనక
రేకుల కప్పు కింద స్టూడియో.
అరవై రెండు చీరలు, ఒక్క అమ్మాయి, రెండు రోజులు.
గంటకి నూట ముప్పై నాకు:
కుచ్చిళ్ళు పెట్టడానికి, పిన్నులు గుచ్చడానికి,
పైట జారితే ఫ్రేములోకి పరిగెత్తి
మళ్ళీ లేనట్టు అయిపోవడానికి.

రోహిణి కార్తె.
ఏసీ ఉంది. కొంగు కదులుతోందని ఆపేశారు.
పానకాలు ఇస్త్రీ ఆవిరిలో నిలబడి
చీర వెనక చీర అందిస్తున్నాడు.
ఖాజా వెండి అట్ట ఎత్తి పట్టుకున్నాడు.
అమ్మాయి మొహం మీద వెలుగు కదలకూడదు,
అందుకని ఖాజా కదలకూడదు.

ఒంటిగంటకి పటమట మెస్సు నుంచి పొట్లాలొచ్చాయి.
"ఈ ఒక్క చీర అయ్యాక" అన్నాడు మేనేజరు చలపతి.
ఆ ఒక్క చీరకి
అక్కచెల్లెళ్ళు చాలామందే.

నేనెప్పుడు తిన్నానో చెప్తాను.
గంధం రంగు మంగళగిరికీ
నెమలికంఠం పట్టుకీ మధ్య,
అమ్మాయికి జడ మార్చేలోపు,
గోంగూర కలిపి నాలుగు ముద్దలు.
ఎడమచేత్తో.
మా అమ్మ చూస్తే ఆ చెయ్యి విరగ్గొట్టేది.
కుడిచేతికి నూనె అంటితే
పట్టుచీర ఖరీదు నా లెక్కలో పడుతుంది మరి.

ఖాజా అసలు తినలేదు.
నాలుగింటికి వాడి వెలుగు ఒణికింది.
"కదలకురా" అన్నాడు ఫోటోగ్రాఫరు.
వెలుగు అమ్మాయి మెడ దిగింది, మోకాళ్ళు దిగింది,
చీర అంచు మీద ఒక్క క్షణం ఆగి
నేల మీద పడింది.
తర్వాత వాడు.

నీళ్ళు చల్లాం. అరటిపండు ఒలిచి పెట్టాం.
చలపతి వాచీ చూసుకుంటూనే ఉన్నాడు.

రాత్రి డబ్బులిచ్చే కాగితం మీద
అందరి పేర్ల పక్కనా ఒకే చేతిరాత:
పని పది గంటలు.
భోజనం, అరగంట కోత.
సంతకం.

"ఏ అరగంట?"
అన్నది నా గొంతేనా అని నాకే అనుమానం.
"రూలమ్మా సామ్రాజ్యం. భోజనం టైము ఇవ్వాలి.
ఇచ్చినట్టు రాశాం కదా."

అప్పుడు ప్రభుకిరణ్,
ఫోటోలు కాపీ చేసే కుర్రాడు,
పొద్దుట్నించీ నోరెత్తనివాడు,
ల్యాప్‌టాప్ మా వైపు తిప్పాడు.
ప్రతి బొమ్మ కిందా గంట, నిమిషం, సెకను.
ఒంటిగంటా రెండు. ఒంటిగంటా మూడు. ఒంటిగంటా మూడే మళ్ళీ.
పంచాంగం చదివినట్టు చదువుకుంటూ పోయాడు.
తొమ్మిదింటి నుంచి ఏడింటి దాకా
పెద్ద ఖాళీ ఒక్కటే:
నాలుగూ ఆరు నుంచి నాలుగూ పధ్నాలుగు.
అది ఖాజా పడిపోయిన ఖాళీ.

చలపతి పెన్ను టకటకలాడించాడు చాలాసేపు.
ఆ వరస కొట్టేశాడు.
నాకు అరవై అయిదు రూపాయలు వెనక్కి.
పోయిన నెలవి అడగలేదు. అంతకు ముందువీ అడగలేదు.
ఆ బొమ్మలు ఎవరి డబ్బాలో ఉన్నాయో.

అన్నట్టు, నాలుగూ ఆరు నాటి బొమ్మ,
మొహం చీకట్లో, అంచు ఒక్కటే మెరుస్తున్నది,
వన్‌టౌన్ కొట్టువాళ్ళకి తెగ నచ్చిందట.
క్యాటలాగు అట్ట మీద అదే.

రెండో రోజు ఒంటిగంటన్నరకి
బ్రేక్ అన్నారు.
కూర్చోవడం ఎవరికీ వెంటనే చేతకాలేదు.
పానకాలు ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి
దాని వైపే చూస్తూ తిన్నాడు.
మేకప్ చేసే విమల చెప్పులు విప్పి
కాళ్ళ వేళ్ళు ఒక్కొక్కటే విరుచుకుంది.
ఖాజా వెండి అట్టని నేల మీద వెల్లకిలా పడేసి
పక్కనే రెండు పొట్లాలు ఖాళీ చేశాడు.
రేకు చిల్లులోంచి దిగిన ఎండ
ఆ వెండిని తగిలి లేచి
ఎవరి మొహం మీదా నిలబడకుండా
కప్పు మీద ఊరికే తిరిగింది.

నేను కుడిచేత్తో కలుపుకున్నాను.
గోంగూర గోళ్ళ సందుల్లోకి పోయింది.
గడియారం చూశాను,
ఇంకా పదకొండు నిమిషాలు.