నరం దొరికిన రాత్రి

పొద్దుగాల ఐదున్నరకు మూసాపేటల
మూడో అంతస్తు, లిఫ్టు లేదు,
ఒక ముసలాయన పిడికిలి బిగించి కూసున్నడు.
పరగడుపు రక్తం. సూదంటే భయం.
"పిడికిలి తెరువు తాతా,
రక్తం కోసమొచ్చిన, ఆస్తి కోసం కాదు" అన్న.
ఫక్కున నవ్విండు. చెయ్యి వదులైంది.
నరం పైకొచ్చింది.
ఆయన ఇంకా నవ్వుతుండంగనే నా పనైపోయింది.

రోజుకు ఇరవై రెండు ఇండ్లు.
ఎవ్వరూ చప్పట్లు కొట్టరు,
మోచేతి మడతల దూది ఒత్తి పట్టుకొని ఉంటరు గద.

మాపటికి యూనిఫాం సంచిల కుక్కి
హిమాయత్‌నగర్ల బట్టల దుకాణం కింద సెల్లారుకు దిగుత.
కుర్చీలు ముప్పై. మనుషులు పదకొండు.
అందుల ఏడుగురం వంతు కోసం కూసున్నోళ్లమే.
ఒకరి జోకుకు ఇంకొకరు నవ్వరు,
పెదవులు మాత్రం కదుల్తుంటయ్,
ఎవరి పాఠం వాళ్లు లోపల్లోపల అప్పజెప్పుకుంట.

మొదటిసారి మూడు నిమిషాలిచ్చిన్రు.
నేను ఎన్నడూ ఎక్కని విమానం గురించి,
నాకు లేని బాయ్‌ఫ్రెండ్ గురించి
సగం ఇంగ్లీషు సగం హిందీల బట్టీ పట్టుకపోయిన.
కూలర్ చప్పుడు వినవడ్డది.
పైన రోడ్డు మీద ఎవరో స్కూటర్ను తన్నుతున్నరు,
అది స్టార్టయితలేదు.
దాని కోసం గూడ ఆగి చూసిన.
లైటు కింద నా చెయ్యి వణికింది.
ఆరు దినాల పసిగుడ్డు మడిమెల నుంచి
చుక్క తీసిన చెయ్యి,
మైకు పట్టుకోలేక వణికింది.

నవ్వు నాలుగు విధాల చేటు అనేది మా నాయనమ్మ.
ఆ నాలుగు ఏందో చెప్పకుండనే పోయింది.
నవ్వకపోతే ఎన్ని విధాల చేటో మటుకు
ఆఖరి బస్సుల కూసొని లెక్కవెట్టిన.
అమీర్‌పేట దాటినంక గూడ లెక్క తెగలే.

తొమ్మిదోసారి.
హోస్టు పిల్లగాడు సర్మద్ చీటీ చూసి ఆగిండు.
"నెక్స్ట్... అండా... అండాలు?"
కుర్చీలల్ల కిసుక్కుమన్నరు.

నాకు తెలిసిన నవ్వే అది.
ఐదో తరగతిల హాజరు పిలిచినప్పుడు మొదలైంది,
పద్దెనిమిదేండ్ల సంది
నేను ఏ గదిలకు పోయినా నాకన్న ముందు పోతది.
ఎన్నడూ లేంది, ఆ రాత్రి
దాని దిక్కు పిడికిలిని చూసినట్టు చూసిన.
ఎక్కడ బిగుసుకున్నది,
పట్టీ ఎక్కడ కట్టాలె.

బట్టీ పట్టిందంత నోట్లకెల్లి జారిపోయింది.
"అవును, అండాలు" అన్న.
"ఒక్క అండ అయితే ఎట్లనో సర్దుకుంటుంటి.
మా నాయన బహువచనంల పెట్టిండు.
గోదాదేవి పేరని మొక్కుకొని మరీ పెట్టిండు.
ఇరానీ హోటల్ల పార్సెల్‌కు పేరు అడిగితే చెప్పిన,
అర డజను ఉడకవెట్టి చేతిల పెట్టిండు."

అప్పుడొక చిన్న నిశ్శబ్దం.
సూది దిగే ముందు ఉండేది, నాకు ఎరుకే.
తొందరపడితే చర్మం కింద నల్లగ కములుతది.
ఆగిన.
వెనుక వరుసల నీళ్లు తాగుతున్న ఒకామెకు పొలమారింది.
ఆ తర్వాత గదంత.

అట్లని అన్నీ పేలలే.
బీపీ మిషిను జోకు పుట్టంగనే సచ్చింది.
దాని పక్కన కొద్దిసేపు నిలవడ్డ,
సచ్చినోళ్ల ఇంట్ల నిలవడ్డట్టు, ఉత్తగనే.
పారిపోలే.
అప్పుడు చూసుకున్న, చెయ్యి వణుకుతలేదు.

నెల తిరిగినంక మళ్ల మూసాపేట, అదే మూడో అంతస్తు.
ముసలాయన ఈసారి తనంతల తనే చెయ్యి చాపిండు.
"పేరేంది బిడ్డా, పోయినసారి అడగనేలే."
చెప్పిన. నవ్వుతడని మోచేయి వట్టుకొని ఆగిన.
నవ్వలే.
"మా అక్క పేరు గూడ గదే" అని
కిటికీ దిక్కు తిరిగిండు.

ఆ పొద్దు నరం దొరకనీకె
శాన సేపు వట్టింది.